చలికి లేవని టెలివిజన్

ఇంట్లో టెలివిజన్ ఆగిపోతే మన చేత కాగలిగినదెంత, మనం చేయకూడనిదెంత? ఢిల్లీలో ఒక తెలుగు కుటుంబం అనుభవం.

జనవరి మాసం. ఢిల్లీ మీద పొగమంచు దట్టంగా కమ్ముకొని ఉన్నది. యమునకు తూర్పున, మయూర్ విహార్‌లో మేముండే మూడో అంతస్తు కిటికీ నుంచి చూస్తే ఎదుటి మేడ కూడా కనిపించడం లేదు. ఉదయం ఏడు గంటలు. మా అమ్మ ఉన్ని శాలువా కప్పుకొని, రిమోటు చేతబట్టుకొని టెలివిజన్ ఎదుట కూర్చున్నది. తెరకు దిగువనున్న చిన్న ఎర్రదీపం మిణుకుమన్నది, ఆరింది, మళ్ళీ మిణుకుమన్నది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

“ఏరా నాయనా, ఇవాళ ఇది లేచేటట్టు లేదురా,” అన్నది అమ్మ.

ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. నాన్నగారు పోయిన తరువాత కోనసీమలోని ఊరు విడిచి మా వద్దకు వచ్చి నాలుగేళ్ళయింది. హిందీ రాదు. పొగమంచు రోజుల్లో ఆమెను కింద పార్కులోకి తీసుకొని వెళ్ళలేము. నేనూ, నా భార్యా, మా అమ్మాయీ తొమ్మిది గంటలకల్లా ఇల్లు వదిలితే మళ్ళీ చీకటి పడ్డాకనే చేరడం. ఆ తొమ్మిది పది గంటలూ ఆ ఇంట్లో తెలుగు మాట వినిపించేది ఒక్క టెలివిజన్‌లోనే. ఉదయం వార్తలు, మధ్యాహ్నం ఒక పాత చిత్రం, సాయంకాలం ఒక పురాణ ప్రవచనం. ఆ సెట్టు మూగపోతే ఆమెకు పోయేది వినోదం కాదు, మాట తోడు.

ఆ సాయంకాలమే కాలనీలోని మెకానిక్కును పిలిపించాను. వచ్చాడు, ప్లగ్గు రెండుసార్లు పెట్టి తీశాడు, వెనుకమూత అయినా విప్పకుండానే తీర్పు చెప్పాడు: “బోర్డు పోయింది సాబ్. తొమ్మిదేళ్ళ సెట్టు. దీనికి బోర్డు దొరకదు, దొరికినా దండగ. కొత్తది కొనుక్కోండి.” చూసినందుకు రుసుము తీసుకొని వెళ్ళిపోయాడు. అతనిని నిందించి ప్రయోజనం లేదు. లోపం ఎక్కడున్నదో వెతకడానికి రెండు గంటలు పడుతుంది. బోర్డు మార్చడానికి పది నిమిషాలు చాలు. ఒకప్పుడు రేడియోతోను, టెలివిజన్‌తోను దాని సర్క్యూటు పటం కూడా ఇచ్చేవారు. ఈనాటి సెట్టుతో వచ్చే పుస్తకంలో రిమోటు మీటల వివరణ తప్ప మరేమీ ఉండదు. పటం లేనివాడు బోర్డు మార్చక ఏమి చేస్తాడు?

నేను కాకినాడలో పాలిటెక్నిక్కు చదివినవాణ్ణి. 1986లో ఉద్యోగానికి ఢిల్లీ చేరినది మొదలు ప్రభుత్వ కార్యాలయంలో యంత్రపరికరాలతోనే నా జీవితం గడిచింది. అయినా ఇంట్లో టెలివిజన్‌ను నా చేతితో విప్పిన పాపాన పోలేదు. ఆ రాత్రి అమ్మ ముఖం చూసిన తరువాత, కొత్తది కొనడానికి ముందు ఈ పాతదానికి వచ్చిన జబ్బేమిటో తెలుసుకోవాలనిపించింది.

సాక్షి చెప్పిన మాట

మంచి వైద్యుడు నాడి పట్టుకోవడానికి ముందు రోగిని ప్రశ్నిస్తాడు. యంత్రం మాట్లాడదు కనుక, దానితో కాలం గడిపే మనిషిని అడగాలి. మా ఇంట్లో ఆ మనిషి అమ్మ. నేను సెట్టును చూసేది రాత్రి అరగంట మాత్రమే.

“ఇది ఎప్పటి నుంచి ఇలా ఉందమ్మా?” అని అడిగాను.

“దీపావళి వెళ్ళిన దగ్గర నుంచీను. మొదట్లో మీట నొక్కితే రెండుమూడు సార్లు కన్నుకొట్టి లేచేది. తరువాత పావుగంట. సంక్రాంతికి ముందు అరగంట. ఒకసారి లేచిందంటే మళ్ళీ నిద్రపోయేదాకా ఏ పేచీ పెట్టదు. ఒకటి చెప్పనా? కోడలు ఆ హీటరు ఈ గదిలో పెట్టిన రోజున తొందరగా లేస్తుందిరా. అచ్చం నా మోకాళ్ళ మాదిరే, వేడి తగిలితేనే కదులుతుంది.”

నేను నవ్వాను; మరుక్షణం నవ్వు ఆగిపోయింది. ఆ మాటలో రోగ నిర్ణయం మూడు వంతులు పూర్తయింది. హఠాత్తుగా చచ్చిపోయిన సెట్టు వేరు, నెలల తరబడి క్రమంగా ఆలస్యమవుతూ వచ్చిన సెట్టు వేరు. మొదటిది దెబ్బ, రెండవది వార్ధక్యం. చలికి మొరాయించి వెచ్చదనానికి లొంగే వార్ధక్యం విద్యుత్ సరఫరా బోర్డు మీద ముఖ్యంగా ఒక భాగానికి వస్తుంది. దాని సంగతి ముందు చెబుతాను.

మూత విప్పక ముందు

మూత విప్పకుండానే చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నవి. ఇవి ఎవరైనా చేయవచ్చు. సగం ఫిర్యాదులు ఇక్కడనే తేలిపోతాయి.

మొదటిది గోడలోని సాకెట్టు. అందులో మరొక దీపం పెట్టి చూడాలి. పొడుగు తీగెల ఎక్స్‌టెన్షన్ బోర్డులను నమ్మరాదు. సెట్టును నేరుగా గోడకు తగిలించి చూడాలి. రెండవది రిమోటు. సెట్టు మీదనే ఉండే మీట నొక్కితే పనిచేసినట్లయితే లోపం చాలా వరకు రిమోటులోనో, దాని బ్యాటరీలోనో ఉన్నదన్న మాట. మూడవది, వెనుక తగిలించిన సెట్‌టాప్ పెట్టె తీగెలను, పెన్‌డ్రైవ్‌లను తీసివేసి ప్రయత్నించడం. బయటి పరికరంలోని లోపం కూడా ఒక్కొక్కప్పుడు సెట్టును నిలవనీయదు.

నాలుగవది ఎర్రదీపాన్ని చదవడం. దీపం అసలు వెలగకపోతే కరెంటు లోపలికి రావడం లేదు, లేదా బోర్డులో తొలి భాగమే పోయింది. దీపం నిలకడగా వెలుగుతూ మీటకు స్పందించకపోతే అనుమానం ఎక్కువగా ప్రధాన బోర్డు మీదకు పోతుంది. దీపం వెలిగి, సెట్టు లేవబోయి, కూలబడి, మళ్ళీ లేవబోతూ ఉంటే బోర్డు బరువు మోయలేకపోతున్నదని అర్థం. మాది ఈ మూడవ తరహా.

అయిదవది టార్చిలైటు పరీక్ష. శబ్దం వినవస్తూ బొమ్మ కనిపించని సందర్భంలో గదిలో దీపాలు ఆర్పి, టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడాలి. బొమ్మ నీడలాగా కదులుతూ కనిపిస్తే, తెర బాగానే ఉన్నది. దాని వెనుక వెలగవలసిన ఎల్.ఇ.డి. దీపాలో, వాటికి కరెంటు ఇచ్చే భాగమో చెడినదని తెలుస్తుంది. ఈ ఒక్క పరీక్ష తెలియక “తెర పోయింది” అన్న మాటకు లొంగిపోయి మంచి సెట్లను పాతసామానువాడికి ఇచ్చివేసినవారు ఎందరో!

గోడ నుంచి తెర వరకు

మన గోడలోని కరెంటు 230 వోల్టులది. సెకనుకు నూరుసార్లు దిశ మార్చుకుంటుంది. టెలివిజన్ లోపలి సున్నితమైన భాగాలకు కావలసినది 5 వోల్టులు, 12 వోల్టులు, దీపాలకు మరికొంత ఎక్కువ. అదికూడా దిశ మారని నిలకడ కరెంటు. ఈ మార్పిడి చేసేదే విద్యుత్ సరఫరా బోర్డు.

వెనుకటి సెట్లలో ఈ పనిని ఇనుప రేకుల బరువైన ట్రాన్స్‌ఫార్మరు చేసేది. గోడ వోల్టేజి పడిపోతే బొమ్మ కుంచించుకు పోయేది. అందుకే ప్రతి టెలివిజన్ పక్కనా ఒక స్టెబిలైజరు కాపలా ఉండేది. ఈనాటి బోర్డు పద్ధతి వేరు. అది గోడ కరెంటును ముందుగా దిశ మారనిదిగా చేసి, ఒక పెద్ద కెపాసిటర్‌లో నిలువ చేస్తుంది. అక్కడ వోల్టేజి 325 వరకు ఉంటుంది. పెద్ద సెట్లలో దీనిని 380, 400 వోల్టుల దాకా కూడా పెంచుతారు. అటు తరువాత ఒక ట్రాన్సిస్టరు దానిని సెకనుకు కొన్ని పదులవేల సార్లు ముక్కలు చేస్తుంది. అంత వేగంగా ముక్కలు చేయడం వల్లనే ట్రాన్స్‌ఫార్మరు అగ్గిపెట్టెంతకు తగ్గిపోయింది. అవతలి వైపున డయోడులు ఆ ముక్కలను ఏకం చేస్తే, చిన్న కెపాసిటర్లు వాటిని నిలకడ చేసి ప్రధాన బోర్డుకు అందిస్తాయి. దాదాపు 100 నుంచి 240 వోల్టుల వరకు ఎంత వచ్చినా ఈ విధానం సర్దుకొని పోతుంది. స్టెబిలైజరు మన ఇళ్ళ నుంచి నిష్క్రమించినది ఇందువల్లనే.

ఈ కెపాసిటర్ చేసే పని ఢిల్లీవాసులకు సులభంగా అర్థమవుతుంది. ఇక్కడ కొళాయి నీరు ఉదయం కొంతసేపు, సాయంకాలం కొంతసేపు మాత్రమే వస్తుంది. మేడ మీది నల్లని ట్యాంకు ఆ నీటిని పట్టి ఉంచి, రోజంతా నిలకడగా ఇస్తుంది. కెపాసిటర్ అటువంటి ట్యాంకే. ట్యాంకులో నీరున్నా, కిందికి దిగే గొట్టంలో ఉప్పునీటి పొక్కు పేరుకొన్నదనుకోండి. ఒక కొళాయి సన్నగా విప్పితే నీరు వస్తుంది. నాలుగూ ఒక్కసారిగా విప్పితే ధార చచ్చిపోతుంది. వయసు మీరిన కెపాసిటర్‌లో జరిగేదీ ఇదే. దానిలోని ద్రవం ఏళ్ళ తరబడి వేడికి కొద్దికొద్దిగా ఎండిపోతుంది. లోపలి నిరోధం పెరుగుతుంది. ఎర్రదీపం వెలిగించడానికి చాలినంత కరెంటు ఇవ్వగలుగుతుంది కాని, సెట్టంతా ఒక్కసారిగా లేవబోయినప్పుడు వోల్టేజి కూలిపోతుంది. చలికి ఆ ద్రవం మరింత మందగించి నిరోధం ఇంకా పెరుగుతుంది. వెచ్చబడితే కొంత తగ్గుతుంది. అమ్మ మోకాళ్ళ ఉపమానం శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది!

ఇక్కడ ఒకసారి ఆగండి

ఇంతవరకు చదివి స్క్రూడ్రైవరు అందుకోబోయే పాఠకులకు ఒక హెచ్చరిక. ప్లగ్గు తీసివేసినంత మాత్రాన ఈ బోర్డు నిరపాయకరం కాదు. పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు మించిన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఇంకొక విశేషం: పనిచేసే బోర్డు కన్న చచ్చిన బోర్డే ఎక్కువ ప్రమాదకరం. పనిచేసే బోర్డు తనలోని నిలువను తానే ఖర్చు చేసుకొంటుంది. చచ్చినదానిలో ఆ నిలువ ఖర్చయ్యే దారి మూసుకుపోయి ఉంటుంది. కెపాసిటర్ కాళ్ళ మీద స్క్రూడ్రైవరు పెట్టి నిప్పురవ్వ లేపి “ఖాళీ చేశాను” అనుకొనేవారున్నారు. అది మొరటు పని. లోహం కరిగి కంటిలో పడవచ్చు, బోర్డు ఇంకా చెడవచ్చు. నేర్చినవారు కొన్ని వేల ఓముల నిరోధకం ద్వారా దానిని నెమ్మదిగా ఖాళీ చేసి, మీటరుతో సున్నా అయినదని చూసిన తరువాతనే చేయి పెడతారు.

కాబట్టి నియమం ఇది. మల్టీమీటరు వాడకం, టంకం వేయడం బాగా తెలిసినవారు తప్ప తక్కినవారు వెనుకమూత దగ్గరే ఆగిపోవాలి. పాత గాజుగొట్టపు టెలివిజన్ ఇంకా ఇంట్లో ఉన్నవారు అసలే విప్పరాదు. దానిలో ఇరవై వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు దాగి ఉండవచ్చు. మూత విప్పకుండా చేసిన పరీక్షల ఫలితం చీటీ మీద రాసి మెకానిక్కు చేతికిస్తే అదే పెద్ద సహాయం. “దీపం మిణుకుతుంది, లేవదు; వెచ్చబడితే లేస్తుంది” అన్న ఒక్క వాక్యం అతనికి గంట సమయం మిగులుస్తుంది. కొత్తది కొనుక్కోమని చెప్పడం కూడా అంత తేలిక కాదు.

మూత తీసిన తరువాత

ఆదివారం ఉదయం ప్లగ్గు తీసి, సెట్టును మంచం మీద దుప్పటి పరచి బోర్లా పడుకోబెట్టాను. మూతకు ఉన్న స్క్రూలన్నీ ఒకే పొడవు కావు. ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి దాని మీదనే గుచ్చి ఉంచాను. మూత తీయగానే తొమ్మిదేళ్ళ ఢిల్లీ దుమ్ము కనిపించింది. మెత్తటి కుంచెతో దులిపాను.

మొదట వాడవలసిన పరికరం కన్ను, రెండవది ముక్కు. మాడిన వాసన, నల్లబడిన మచ్చ, పగిలిన టంకం, పైకప్పు ఉబ్బిన కెపాసిటర్. వీటిని వెతకాలి. కెపాసిటర్ తలమీద గీతలు చెక్కి ఉంటాయి; లోపల వాయువు చేరితే పేలిపోకుండా ఆ గీతల వద్ద ఉబ్బి విచ్చుకొనడానికే ఆ ఏర్పాటు. మా బోర్డులో ఏదీ ఉబ్బి లేదు. ఇక్కడనే చాలామంది పొరపడతారు. ఉబ్బినది చెడిపోయినట్లే, కాని ఉబ్బనిది మంచిదని చెప్పడానికి వీలులేదు.

తరువాత ఫ్యూజు. ఇది బోర్డు మీద అబద్ధం చెప్పని సాక్షి. గాజుగొట్టంలో తీగె నిక్షేపంగా ఉంటే లోపం సాధారణంగా అవతలి వైపున ఉంటుంది. తీగె ఒకచోట మెల్లగా తెగి ఉంటే ఫ్యూజుకే వయసు మీరి ఉండవచ్చు. గాజంతా నల్లగా మసిబారి ఉంటే లోపల ఏదో భాగం షార్టు అయినది. అప్పుడు కొత్త ఫ్యూజు వేస్తే అదీ క్షణంలో పోతుంది. లావు తీగె చుట్టి పనిచేయించబోవడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఫ్యూజు పక్కనే సాధారణంగా నీలిరంగులో ఒక గుండ్రని బిళ్ళ ఉంటుంది. అది పగిలి ఉంటే కథ వేరు. మన వీధులకు వచ్చే మూడు ఫేజులలో ఒక్కొక్క ఇంటికి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ తీగె ఇస్తారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే, ఇళ్ళలోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. దీపాలు ఒక్కసారి భగ్గుమని ఆరిపోయిన రోజున చాలా ఇళ్ళలో టెలివిజన్లు పోవడానికి కారణం ఇదే. ఆ నీలి బిళ్ళ తాను ఆహుతి అయి, ఫ్యూజును ఎగరగొట్టి, తక్కిన సెట్టును కాపాడుతుంది. మా ఫ్యూజు నిక్షేపంగా ఉన్నది, బిళ్ళ కూడా. కనుక మాది వార్ధక్యమే.

వెచ్చని గాలి

ఇప్పుడు అమ్మ సాక్ష్యాన్ని పరీక్షించవలసి ఉన్నది. మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకొనే డ్రయ్యరు అడిగి తెచ్చాను. ప్లగ్గు తీసి ఉంచే, చిన్న కెపాసిటర్లు ఉన్న మూల మీద రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని గాలి ఊదాను. డ్రయ్యరు పక్కన పెట్టి, బోర్డుకు దూరంగా జరిగి, అప్పుడు ప్లగ్గు పెట్టి రిమోటు నొక్కాను. ఎర్రదీపం ఒక్కసారి మిణుకుమన్నది. తెర వెలిగింది!

“లేచిందిరా!” అన్నది అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి.

సెట్టును ఆపి, పూర్తిగా చల్లబడనిచ్చి, మీటరుతో కొలిచాను. బోర్డు అంచున ఉన్న తీగెల కూడలి వద్ద ఏ కాలులో ఎంత వోల్టేజి ఉండాలో అచ్చువేసి ఉంటుంది. సర్క్యూటు పటం లేనివారికి అదే పటం. 5 వోల్టుల కాలు నిలకడగా ఉన్నది. 12 వోల్టుల కాలు, మీట నొక్కగానే పన్నెండుకు ఎగబాకి, ఎనిమిదికి జారి, మళ్ళీ ఎగబాకి జారిపోతున్నది. ఆ కాలుకు నీరు పోసే ట్యాంకులు రెండు, 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు. పెద్ద కెపాసిటర్ ఖాళీ అయినదని నిర్ధారించుకొని, వాటిని విప్పి, కార్యాలయంలో ఒక మిత్రుని వద్దనున్న మీటరుతో మరునాడు లోపలి నిరోధం కొలిపించాను. రెండూ దాదాపు మూసుకుపోయిన గొట్టాలే. లక్షణం, పరీక్ష, కొలత మూడూ ఒకే దోషిని చూపించిన తరువాత ఇక సందేహానికి తావులేదు.

ఎర్రకోట ఎదుట

కెపాసిటర్ల కోసం మెట్రో ఎక్కాను. మండీ హౌస్ వద్ద రైలు మారాలి. దూరదర్శన్ ప్రధాన కార్యాలయం ఉన్నది అక్కడనే. భారతదేశంలో టెలివిజన్ పుట్టినది ఈ నగరంలోనే. 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకంగా, వారానికి కొద్ది గంటల ప్రసారాలతో మొదలైంది. రోజువారీ ప్రసారాలకు 1965 దాకా ఆగవలసి వచ్చింది. 1982లో, ఆసియా క్రీడలు జరిగిన సంవత్సరం, రంగులు వచ్చాయి. నేను ఢిల్లీ చేరేనాటికి మాబోటి తెలుగువారికి ఆదివారం మధ్యాహ్నం వేసే ప్రాంతీయ భాషా చిత్రమే దిక్కు. అన్ని భాషల వంతులూ తిరిగి ఎప్పటికో ఒకసారి తెలుగు వంతు వచ్చేది. ఆనాడు సెట్టున్న ఇంటిలో కూర్చోవడానికి చోటుండేది కాదు. ఈనాడు మీట నొక్కితే రాత్రింబగళ్ళు తెలుగు వినవచ్చు. మీట నొక్కినప్పుడు సెట్టు లేవాలి, అంతే!

లాల్ ఖిలా స్టేషనులో దిగి పైకి వస్తే ఎర్రకోటకు ఎదురుగా లజపతరాయ్ మార్కెట్టు. దేశవిభజనలో సర్వం కోల్పోయి వచ్చిన శరణార్థులకు జీవనోపాధిగా వెలసిన అంగళ్ళివి. రేడియోలు, ట్రాన్సిస్టర్లు, టెలివిజన్లు, వాటి విడిభాగాలు దశాబ్దాలుగా ఇక్కడ అమ్ముడవుతున్నవి. కొంచెం అవతల విద్యుత్ సామగ్రికి పేరుపడిన భగీరథ్ ప్యాలెస్ ఒకప్పుడు బేగం సమ్రూ నివసించిన సౌధం.

రెండు బారల వెడల్పు లేని ఒక అంగడిలో, కళ్ళద్దాలకు దారం కట్టుకొన్న వృద్ధుడు నా కెపాసిటర్లను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మైక్రోఫారడ్లు అంతే ఉండాలి సాహెబ్. వోల్టులు ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ కారాదు. ఒంటి మీద 105 డిగ్రీలని రాసి ఉన్నదా లేదా చూసుకోండి. 85 రకం ఇక్కడ నిలవదు. మరీ చౌకగా ఇస్తానన్న చోట కొనకండి. పాతవాటికి కొత్త అంగీ తొడిగి అమ్మేవాళ్ళున్నారు.”

అన్నట్లు, రెండింటి ఖరీదు ఆ వీధిలో నేను తాగిన టీ ఖరీదుకు మించలేదు.

ఆ 105 డిగ్రీల అంకె వెనుక ఒక లెక్క ఉన్నది. సాధారణమైన కెపాసిటర్‌కు 105 డిగ్రీల వేడిలో 2000 గంటల ఆయువు అని తయారీదారులు చెబుతారు. వేడి పది డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయువు దాదాపు రెట్టింపవుతుంది. 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున పద్నాలుగేళ్ళకు పైమాట. అదే సెట్టు లోపల 75 డిగ్రీలుంటే ఏడేళ్ళే. పది డిగ్రీల తేడాకు ఏడేళ్ళ ఆయువు! మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలకు చేరే ఢిల్లీలో, గాలి ఆడని గోడ అరలో బిగించిన సెట్టుకు ఆ పది డిగ్రీలు పెరగడం ఎంతసేపు?

పారవేయడం అంటే ఎక్కడికి?

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మరొక ఆలోచన కలిగింది. మెకానిక్కు మాట విని ఈ సెట్టును పాతసామానువాడికి ఇచ్చివేసి ఉంటే అది ఎక్కడికి పోయి ఉండేది? ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్ విద్యుత్ పరికరాల చెత్త విడగొట్టే పనికి పేరుపడినది. అటువంటి చోట్ల రాగి కోసం తీగెలు కాల్చడం, లోహాల కోసం బోర్డులను ఆమ్లాలలో ముంచడం, ఆ పొగను పసివాళ్ళు సైతం పీల్చడం ఏళ్ళ తరబడి నమోదైన విషయాలే. ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారవేసిన విద్యుత్ పరికరాల చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు వచ్చినది నాలుగవ వంతు కూడా లేదు.

మన దేశంలో ఈ చెత్త బాధ్యతను తయారీదారుల మీద ఉంచే కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వస్తువును బాగుచేయించుకొనే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఒక సంఘాన్ని నియమించింది. గృహోపకరణాలు కూడా దాని పరిధిలోనివే. ఇవన్నీ మంచి పనులు. కాని ఏ చట్టమూ మన ఇంటికి వచ్చి “ఇది ఎప్పటి నుంచి ఇలా ఉన్నది?” అని అడగదు. ఆ ప్రశ్న మనమే అడగాలి.

మళ్ళీ ఏడు గంటలు

ఆ రాత్రి కొత్త కెపాసిటర్లకు టంకం వేశాను. వీటికి ధన, రుణ దిక్కులున్నవి. తెల్లని చార ఉన్న పక్క రుణం. తిరగవేస్తే పేలిపోతాయి. పాతవి తీయక ముందే ఫోటో తీసి ఉంచుకొన్నందువల్ల తడబాటు కలగలేదు. మొదటిసారి నేరుగా గోడకు తగిలించకుండా, పాతకాలపు తీగె బల్బును వరుసలో కలిపి కరెంటు ఇచ్చాను. లోపల ఇంకా షార్టు ఉంటే ఆ బల్బు పూర్తి కాంతితో వెలిగి బోర్డును కాపాడుతుంది. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒకసారి మెరిసి మసకబారింది. అంతా సవ్యంగా ఉన్నట్టు గుర్తు. తరువాత నేరుగా గోడకు తగిలించి మళ్ళీ కొలిచాను. 12 వోల్టుల కాలు పన్నెండు వద్ద నిలిచింది.

మూత బిగించబోతూ వెనుక గాలిరంధ్రాల వైపు చూశాను. సెట్టు మీద ఎప్పుడూ ఒక అల్లిక గుడ్డ కప్పి ఉంటుంది. వచ్చిన మొదటి చలికాలంలో అమ్మ తన చేతితో ఊలుతో అల్లినది. ముందు భాగం పైకి మడిచి చూసేవారం. వెనుక భాగం గాలిరంధ్రాలన్నిటినీ మూసుకొని వేలాడుతూనే ఉండేది. ఆ సంగతి ఆమెతో చెప్పడానికి నోరు రాలేదు.

మరునాడు ఉదయం నేను లేచేసరికి హాలులో నుంచి తెలుగు వార్తలు వినిపిస్తున్నవి. గడియారం ఏడు దాటి రెండు నిమిషాలు. హీటరు లేదు. కిటికీకి అవతల మంచు నిన్నటిలాగే ఉన్నది. అమ్మ శాలువాలో ముడుచుకొని కూర్చుని ఉన్నది. టెలివిజన్ మీద గుడ్డ లేదు. మడతపెట్టిన ఆ ఊలు అల్లిక ఆమె మోకాళ్ళ మీద ఉన్నది.

“నిన్న రాత్రి నువ్వు దానివంక చూసి చూసి ఊరుకున్నావు కదరా,” అన్నది ఆమె తెర మీద నుంచి చూపు మరల్చకుండానే. “నాకు తెలియదనుకున్నావా? దీని అవసరం దానికన్న నాకే ఎక్కువ.”